మామ కర్ర దించిన రోజు

పోయిన ఆదివారం మా ఊళ్లో ఒక కరాటే బడివాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పత్రికలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఇంటిపట్టున కూర్చున్నవాడిని ఇలాంటి వాటికి పిలవడం మన ఊళ్లలో మామూలే. శాలువా కప్పుతారు, మైకు చేతికిస్తారు, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి రావాలి. బస్టాండు ఎదురుగా ఉన్న కాంప్లెక్సు మొదటి అంతస్తులో తెల్ల బట్టలు తొడుక్కున్న పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి బెంగుళూరు పెంకును అరచేతి అంచుతో కొట్టి పగలగొడుతున్నారు, తల్లిదండ్రులు సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకుని మురిసిపోతున్నారు. గోడ మీద ఫ్లెక్సీలో ముప్పై రోజుల్లో ఆత్మవిశ్వాసం అని రాసి ఉంది. విరిగిన పెంకుముక్క ఒకటి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వస్తే, వంగి తీసుకుని చూశాను. విరిగిన అంచు పైభాగం గరుకుగా ఉంది, కిందిభాగం నున్నగా ఉంది. వెనకవైపు నుంచి రంపపు బ్లేడుతో సగం దాకా ముందే కోసి పెట్టారు.

నాకు కలిగిన కోపం ఇంతా అంతా కాదు. ఆ పిల్లవాడు పెంకును తన చెయ్యే పగలగొట్టిందని నమ్ముకుంటూ ఇంటికి పోతాడు. రేపు ఏ సందులోనో నిజమైన కష్టం ఎదురైనప్పుడు అదే చెయ్యి ఎత్తుతాడు. ఫీజు కట్టించుకుని చేతికి అబద్ధం నేర్పే చదువు ఇంకెక్కడైనా ఉందా? పోనీ ఇంకెక్కడో జరిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ కాంప్లెక్సు నిలబడి ఉన్న జాగాలోనే, పిల్లలు పెంకులు పగలగొడుతున్న చోటికి సరిగ్గా కింద, మా మేనమామ గరిడీ ఉండేది.

నా వయసువాళ్లకు గరిడీ అంటే చెప్పనక్కరలేదు. కర్రసాము, కుస్తీ నేర్పే ఇల్లు. మాది నాలుగు మట్టిగోడల మీద బోదగడ్డి కప్పిన పెద్ద గది, వంగితే తప్ప లోపలికి పోలేనంత చిన్న వాకిలి, లోపల నడుములోతు తవ్వి మెత్తని ఎర్రమన్ను నింపిన గోదా, ఒక గోడకు ఆంజనేయస్వామి పటం, ఇంకో గోడలో పీర్ల పండుగనాడు ఊదుబత్తి వెలిగించే గూడు. ధర్మవరానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్లో డెబ్బైల నాటికి వీధి వీధంతా పట్టు మగ్గాలే. గుంట మగ్గమంటే గుంతలో కాళ్లు దిగేసుకుని పొద్దున్నుంచి మాపటిదాకా ముందుకు వంగి కూర్చోవడమే. మా వీధిలో నలభై దాటిన మగవాళ్లను వెనకనుంచి చూస్తే అందరూ కింద పడిన సూదిని వెతుక్కుంటూ నడుస్తున్నట్టే ఉండేవాళ్లు. వాళ్లందరిలో మా మామ ఒక్కడే నిలువుగా నడిచేవాడు. ఆయనా నేతగాడే, ఆయనా పది గంటలు గుంతలో కూర్చునేవాడే. కాకపోతే తెల్లవారుజామున రెండు గంటలు గరిడీలో కర్ర తిప్పాకే మగ్గం ఎక్కేవాడు.

పదహారో ఏట నన్నూ అందులోకి తీసుకుపోయారు. నేను అప్పుడు ఎవరితో మాట్లాడినా నేలను చూసే మాట్లాడేవాణ్ని. మామ నాకు మొదటి మూడు నెలలూ కర్ర ఇవ్వలేదు. గోదాలో మన్ను తవ్వాలి, రాళ్లు ఏరాలి, మజ్జిగా నూనే పసుపూ కలిపి పిసికి మళ్లీ చదును చేయాలి, మరునాడు మళ్లీ తవ్వాలి. కరువు సంవత్సరాల్లో మనుషులకే మజ్జిగ లేని రోజుల్లో ఆ మన్నుకు మా చెమటే తడి. నాలుగో నెలలో కర్ర చేతికి వచ్చాక కూడా మొదట నేర్పింది కొట్టడం కాదు, దించడం. దాన్ని సలామీ అనేవాళ్లు. మోకాళ్లు కాస్త వంచి, కర్రను తలచుట్టూ ఒక్క తిప్పు తిప్పి, కొనను నేలకు తాకించి, ఆ మన్నును కళ్లకు అద్దుకుని, కర్రను ఎదుటి మనిషి కాళ్ల ముందు అడ్డంగా పెట్టి, రెండు చేతులూ ఖాళీగా చూపిస్తూ నిలబడాలి. ఎదుట ఉన్నది గరిడీ మనిషైతే అతనూ తన కర్రను పక్కన పెట్టి సలామీ తిప్పి ఇస్తాడు. గరిడీ తెలియని పెద్దమనిషైతే కర్ర అక్కడే ఉండిపోవాలి, ఆయన తీసి ఇచ్చేదాకా మనం ముట్టకూడదు. కర్ర ఎవడైనా ఎత్తుతాడు, దించేదానికే గురువు కావల్ల అనేది మామ మాట.

రెండేళ్లు తిరిగేసరికి నేను మనుషుల కళ్లలోకి చూసి మాట్లాడడం నేర్చుకున్నాను. తరువాతి రోజుల్లో ఎంత పెద్ద అధికారి గదిలోకైనా వంగకుండా నడిచిపోగలిగానంటే అది పత్రిక ఇచ్చిన ధైర్యమని చాలామంది అనుకున్నారు. కాదు. గరిడీ నాకేం ఇచ్చిందో, నేను గరిడీకి ఏం తిరిగి ఇచ్చానో చెప్పుకుంటే సిగ్గేస్తుంది. అయినా చెప్పుకోక తప్పదు.

అంతకంటే ముందు మా అన్న సంగతి చెప్పాలి. పెద్దమ్మ కొడుకు. చేతిలో పని ఉంది, ఆయన నేసిన చీర అంచు చూసి వ్యాపారులు పేరు అడిగేవాళ్లు. కానీ మాపటికి తాగుడు, తాగితే వదినమీద చెయ్యి. ఒకరోజు పొద్దున్నే వదిన కమిలిన చెంపతో గరిడీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆడవాళ్లు అటు రారు. ఆమె వచ్చింది.

"మామా, ఈయప్పను నీ గోదాలోకన్నా ఈడ్చుకొని పో, ల్యాకుంటే నేను మా నాయనోళ్ల ఇంటికి పోతా. మూడో తోవ ల్యాదు" అంది.

మామ ఆమెను ఒక్క మాటా అడగకుండా నేరుగా అన్న ఇంటికి పోయి, మంచం మీద పడున్న మనిషిని లేపి కూర్చోబెట్టాడు. "ఏమప్పా, పెండ్లాన్ని కొట్టేదానికి బలం ఉండాది గదా, మన్ను తవ్వేదానికి ల్యాదా? లెయ్" అన్నాడు. అన్న బూతులు తిట్టాడు. మామ విన్నాడు. "అయిపోయినాయా? ఇంకా ఉంటే ఆడ తిడుదువుగానీ రా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

అందరికీ మూడు నెలలైతే అన్నకు తొమ్మిది నెలలు మన్ను. రోజూ అన్నను వాకిట్లో ఆపి మామ ఆయన నోటి వాసన చూసేవాడు. సారా వాసన తగిలితే తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు, వాకిలికి అడ్డంగా కూర్చునేవాడు, అంతే. మొదట్లో వారానికి నాలుగు రోజులు అన్న బయటే నిలబడేవాడు. తరువాత తరువాత పొద్దున్నే మన్ను తవ్వాలన్న భయంతో మాపటి తాగుడు తగ్గింది, ఒళ్లు అలిసి రాత్రి పెందలాడే నిద్ర పట్టడం మొదలైంది, నడుంనొప్పి తగ్గితే మగ్గం మీద విసుగు తగ్గింది. ఇందులో మంత్రమేమీ లేదు. రెండో ఏడు వదిన మా అమ్మతో చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తు: "ఇప్పుడు మా ఇంట్లో సత్తుగిన్నెలు సొట్టలు పడేది నిలిచిపోయిందమ్మా." ఒక ఇల్లు బాగుపడిందని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నేను ఏ కాగితంలోనూ చదవలేదు.

ఎనభైలలో వానలు వరసగా మొహం చాటేసిన కాలం వచ్చింది. ముదిగుబ్బ వైపు జనం గొర్రెల మందలను తోలుకుని దేశాల మీద పడ్డారు, మా వీధిలో పట్టుకు రంగులద్దడానికి కాదు గదా తాగడానికే నీళ్లు లేవు. ప్రభుత్వం రెండు రోజులకొకసారి నేత వీధికి ఒక ట్యాంకరు పంపేది. ఆ ట్యాంకరు ఊరి మొదట్లోనే మలుపు తిరిగి ఒక పెద్దాయన చీనీ తోటలోకి, అంటే బత్తాయి తోటలోకి పోయి, చెట్లకు పోయగా మిగిలింది మాకు వచ్చేది. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆయన జీపులో తిరిగే మనిషి, ఆయన వెనక మనుషులున్నారు. మనుషుల దాహం కంటే చెట్ల దాహం పెద్దదని తీర్మానించిన ఆ పెద్దమనుషుల పిల్లలే ఇవాళ నీటి విలువ గురించి వేదికల మీద మాట్లాడుతున్నారు. అది వేరే సంగతి.

ఒకరోజు పొద్దున గరిడీలో సాము జరుగుతుండగా వదిన బిందె చంకన పెట్టుకుని పరుగున వచ్చింది. "ట్యాంకరు తోట తట్టుకు తిరుగుతాండాది, బిన్నా రాండి" అని అరిచింది. మామా, అన్నా, ఇంకో పదిమందీ ఉన్నపాటున రోడ్డు మీదికి పోయారు. సాము చేస్తున్నవాళ్లు చేస్తున్నట్టే పోయారు కాబట్టి చేతుల్లో కర్రలున్నాయి. తప్పు అంటే అదొక్కటే తప్పు. ట్యాంకరుకు అడ్డంగా నిలబడి, నీళ్లు వీధికి పోవల్ల అన్నారు. డ్రైవరును ఎవరూ తిట్టలేదు, అద్దం మీద చెయ్యి వేయలేదు. తోట ఆసామి మనిషి సైకిలెక్కి స్టేషనుకు పోయాడు, కాసేపటికి ఎస్సై జీపు వచ్చింది.

ఆ ఎస్సై మా ఊరికి వచ్చి నెల కాలేదు, ఈ ప్రాంతం మనిషి కాదు. అంతకు ముందున్నవాళ్లందరూ పీర్ల పండుగకు గరిడీకి వచ్చి సలామీ అందుకున్నవాళ్లే. కాళ్ల ముందు పెట్టిన కర్రను వంగి తీసి మామ చేతికి ఇచ్చి భుజం తట్టినవాళ్లే. కొత్త అధికారి జీపు దిగగానే మామ తనకు తెలిసిన మర్యాద చేశాడు. ముందుకు వచ్చి, మోకాళ్లు వంచి, కర్రను తలచుట్టూ ఒక్క తిప్పు తిప్పాడు. కొన నేలకు తాకింది, మన్ను కళ్లకు అద్దుకోవడానికి వంగాడు. ఎస్సైకి కనబడింది మాత్రం తన మీదికి కర్ర తిప్పుతూ వస్తున్న మనిషి. ఆయన అరిచాడు, వెంట వచ్చిన నలుగురు కానిస్టేబుళ్ల లాఠీలు లేచాయి. మామ కర్రను రోడ్డు మీద అడ్డంగా పెట్టడం పూర్తిచేశాడు. ఖాళీ చేతులు చూపించబోతుంటే కుడి మణికట్టు మీద పడింది దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు వీధి మొగదాకా వినబడిందని వదిన చెప్పేది.

మామకు రెండడుగుల దూరంలో అన్న ఉన్నాడు, చేతిలో కర్ర ఉంది. జిల్లాలో ఆయనంత సాము తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ నలుగురు కానిస్టేబుళ్లను నేలకు తెచ్చేందుకు ఆయనకు ఊపిరి తీసి వదిలినంత సేపు చాలు. ఒకప్పుడు చారులో ఉప్పు తక్కువైందని చెయ్యి లేపిన మనిషి, తన గురువు చెయ్యి విరిగిపోతుంటే చూస్తూ, మోకాళ్లు వంచి, తన కర్రను మామ కర్ర పక్కనే పెట్టి నిలబడ్డాడు. వెనక ఉన్న పదిమందీ అదే చేశారు. రోడ్డు మీద పన్నెండు కర్రలు వరసగా పడుకున్నాయి, పన్నెండు జతల ఖాళీ చేతులు. తరువాత అందరినీ కొట్టారు.

ఇదంతా నేను చూడలేదు. అప్పటికి నేను జిల్లా కేంద్రంలో ఒక దినపత్రికలో కొత్తగా చేరిన ఉపసంపాదకుణ్ని, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. మధ్యాహ్నం మా ఊరి విలేకరి ఫోనులో స్టేషనువాళ్లు ఇచ్చిన కాగితం చదివి వినిపించాడు. కర్రలతో వచ్చిన గుంపు, ప్రభుత్వ వాహనం అడ్డగింత, అధికారిపై దాడి, గరిడీ నడిపే వ్యక్తి అరెస్టు. మా ఊళ్లో ఉన్నది ఒక్క గరిడీ. అది మా మామేనని నాకు ఆ క్షణానే తెలుసు. బస్సెక్కితే రెండు గంటల్లో మా ఊరు. కనీసం, నువ్వు అక్కడికి పోయి చూశావా అని విలేకరిని ఒక్క మాట అడగవచ్చు. అడగలేదు. సొంతవాళ్ల వార్తలో చెయ్యి పెట్టకూడదు, పక్షపాతం చూపకూడదు అని నాకు నేనే పెద్ద నీతిమంతుడిలా తోచాను. ఆ నిష్పాక్షికత మత్తులో వార్తను ఇంకొంచెం బిగించి రాసి శీర్షిక పెట్టాను: గరిడీ ముసుగులో గూండాలకు శిక్షణ. పోలీసుల కాగితంలో ముసుగు అన్న మాట లేదు. అది నాది. బాగా కుదిరిందని మా ఇన్‌ఛార్జి మెచ్చుకున్నాడు కూడా.

ఆ శీర్షికను పట్టుకునే మూడో రోజు గరిడీకి సీలు వేశారు.

మామకు బెయిలు వచ్చాక ఊరికి పోయాను. మామ మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కుడిచేతికి వెదురుబద్దల కట్టు. నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా అల్లుడా, నీ పత్రికలో మమ్మల్ని బాగా ఎక్కించినారే. రాసినోడు నువ్వేనంట గదా?"

స్టేషనువాళ్లు అలా ఇచ్చారు మామా, అన్నాను.

"ఇయ్యనీ. కర్ర ఎత్తేదానికి ముందు ఎదుటోని కండ్లలోకి చూడల్లని నీకు నేర్పిస్తి గదప్పా. ఆ పోలీసాయప్పకు గరిడీ తెల్దు, ఆయప్ప మీద నాకు కోపం ల్యా. నీకు తెలుసు గదా. చూడకుండానే కొడితివే."

ఆయన గొంతు పెంచలేదు. మూలన కూర్చుని మగ్గానికి పట్టుదారం కండెలు చుడుతున్న వదిన మాత్రం తల ఎత్తకుండానే అంది: "గూండాలంట. గూండాలయ్యింటే ఆపొద్దు నాలుగు తలకాయలు పగిలేవి. ఇప్పుడు గరిడీ ల్యాదు, ఈయప్ప మళ్లా సారా అంగడికి పోతే నీ పత్రికోళ్లు వచ్చి నిలుపుతారా?"

ఆమె భయం అదీ. అన్న మళ్లీ పాతదారి పడతాడేమోనని ఆమె నెలల తరబడి నిద్రపోలేదు. అన్న పడలేదు. రోజూ తెల్లవారుజామున సీలు వేసిన వాకిలి ముందుకు పోయి, చేతిలో కర్ర లేకుండానే, ఉత్తచేతులతో సాము మొత్తం చేసి వచ్చేవాడు. చూసినవాళ్లు పిచ్చి అనుకున్నారు. మామ మణికట్టు మాత్రం వంకరగా అతుక్కుంది. మగ్గం మీద అటూ ఇటూ నాడె విసరడానికి ఆ చెయ్యి పనికిరాదన్నారు. ఆ వేళ్లతో అంతవరకూ పట్టుచీర అంచులు తీసిన మనిషి, తరువాత బతికినంత కాలం ఆడవాళ్లతో కూర్చుని కండెలు చుట్టాడు. కేసు ఏళ్లతరబడి నడిచి సాక్షులు లేరని కొట్టేశారు. అప్పటికి గరిడీ గోడలు వానకు కాదు, ఆలనాపాలనా లేక కూలిపోయాయి. చీనీ తోట మాత్రం బాగా కాసింది.

తప్పు దిద్ది మళ్లీ రాస్తానని అన్నకు చెప్పి, ఊరినుంచి తిరిగి వచ్చిన రోజే నేను సవరణ రాసి ఇన్‌ఛార్జి బల్లమీద పెట్టాను. పాతబడిపోయిందయ్యా, పోలీసులతో మనకెందుకు అని పక్కకు నెట్టాడు. ఉద్యోగం ఖాయం కావలసిన నెల అది. నేను మళ్లీ అడగలేదు. ఎవరెవరి మీదనో కోప్పడుతూ ఇంత దూరం రాసుకొచ్చాను గానీ, ఆ లెక్కలో నా చోటు తక్కువేమీ కాదు.

మొన్న ఆదివారం కరాటే బడినుంచి శాలువా, పెంకుముక్క రెండూ పట్టుకుని నేరుగా అన్న ఇంటికి పోయాను. ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి, నడుము ఇంకా నిట్రాట. వదిన లేదు, పోయేముందు కూడా తన మనిషి మంచివాడని చెప్పుకునే పోయింది. అన్న పెంకుముక్కను వెలుతురుకు తిప్పి, కోసిన అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"దీన్ని కోసేదానికి పట్టిన పొద్దులో పిల్లోనికి నిలబడేదన్నా నేర్పించొచ్చు గదప్పా" అన్నాడు. పెంకుముక్కను నా చేతికి తిరిగిచ్చి, "నువ్వు అప్పట్లో ఏందో మళ్లా రాస్తానంటివే. రాసినావా?" అని అడిగాడు.

ఇవాళ మా ఊళ్లో మట్టి గోదాలు లేవు, రబ్బరు పరుపులున్నాయి. పొద్దున్నే లేచి మన్ను తవ్వేవాళ్లు లేరు, నోటి వాసన చూసి వాకిలికి అడ్డంగా కూర్చునేవాళ్లు లేరు. పిల్లలకు కొట్టడం, విరగ్గొట్టడం, ఫోటో దిగడం నేర్పుతున్నారు. దించడం నేర్పేవాళ్లను నేను చూడలేదు. పత్రికల్లోనూ అంతే. ఆ కాంప్లెక్సు మెట్లు దిగుతూ, ఈ సిమెంటు కింద ఎక్కడో మా చెమటతో తడిసిన ఎర్రమన్ను ఇంకా ఉంటుందా అనుకున్నాను. మామ లేడు, ఆ పన్నెండు మందిలో మిగిలింది అన్న ఒక్కడే. ఆయన అడిగినదానికి జవాబుగా, నలభై ఏళ్లు ఆలస్యంగా, అప్పుడు పక్కకు నెట్టేసిన కాగితాన్ని గుర్తున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

సవరణ: నేత వీధిలో గరిడీ నడిపే వ్యక్తి పోలీసు అధికారిపై కర్ర ఎత్తినట్టు మేము ప్రచురించిన వార్త తప్పు. ఆయన కర్ర దించాడు.